డైవింగ్ తర్వాత ఒంట్లో తేడా అనిపిస్తే

(విశాఖపట్నంలో స్కూబా నేర్చుకుంటున్నవారు, వారి ఇళ్లవాళ్లు, కొందరు ఫ్యామిలీ డాక్టర్లు కూర్చున్న సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీరు శనివారం సముద్రంలో డైవ్ చేశారనుకుందాం. ఆదివారం పొద్దున లేచేసరికి భుజం నొప్పి. సిలిండర్ మోశాను కదా, పట్టేసి ఉంటుంది అనుకుంటారు. వేళ్లు తిమ్మిరెక్కితే, రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నాను అనుకుంటారు. కళ్లు తిరిగితే పడవ ఊపు ఇంకా దిగలేదంటారు. నీరసంగా ఉంటే నిద్ర చాలలేదంటారు. కడుపు చుట్టూ పట్టేసినట్టుంటే గ్యాస్ అని ఒక మాత్ర వేసుకుంటారు.

వీటిలో ఏదైనా నిజమే కావచ్చు. కానీ ఇవన్నీ, లోతు నుంచి పైకి వచ్చాక ఒంట్లో వాయువు బుడగలు కట్టడం వల్ల వచ్చే డికంప్రెషన్ సిక్‌నెస్ లక్షణాలు కూడా. పైపైన చూస్తే రెండింటికీ తేడా తెలియదు. మీకే కాదు, ఆ జబ్బును ఎప్పుడూ చూడని డాక్టరుకు కూడా తెలియదు. మన దగ్గర చాలామంది డాక్టర్లు దాన్ని ఎంబీబీఎస్ పుస్తకంలో తప్ప చూసి ఉండరు. అది వాళ్ల తప్పు కాదు, మనకు డైవింగ్ ఈ మధ్యనే వచ్చింది. కాబట్టి రోగిగా వెళ్లేటప్పుడు బాధ్యత కొంత మీ మీద ఉంది. డైవ్ తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఏ కొత్త బాధ వచ్చినా దానికి కారణం మీరే తేల్చేసుకోకండి. డాక్టరు ముందు కూర్చోగానే మొదట చెప్పాల్సిన మాట “నేను డైవ్ చేసి వచ్చాను” అన్నది. నొప్పి గురించి ఆ తర్వాత చెప్పండి. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త చూద్దాం. మనం ఒడ్డున నిలబడి ఉన్నప్పుడు మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఇంకొకటి చేరుతుంది. 30 మీటర్ల లోతులో అది నాలుగు రెట్లు. సిలిండర్‌లో ఉన్నది మామూలు గాలే. అందులో దాదాపు 78 శాతం నత్రజని. ఆక్సిజన్‌ను శరీరం వాడుకుంటుంది గానీ నత్రజనితో దానికి పనిలేదు. అందుకని పీడనం పెరిగేకొద్దీ ఆ నత్రజని రక్తంలో, కొవ్వులో, నరాల్లో కరుగుతూ పోతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరితిత్తుల గుండా అదే దారిలో బయటికి పోతుంది. గబుక్కున వస్తే, గోలీ సోడా కొట్టినప్పుడు బుస్సున పొంగినట్టు, కరిగిన వాయువు బుడగలు కడుతుంది. ఆ బుడగలు కీళ్ల దగ్గర ఉంటే నొప్పి, చర్మంలో ఉంటే దురద, మచ్చలు. వెన్నుపాములో ఉంటే కాళ్లు పడిపోవచ్చు.

ఈ జబ్బును ముందుగా పెద్ద సంఖ్యలో అనుభవించింది డైవర్లు కారు, వంతెన కూలీలు. 19వ శతాబ్దంలో నది అడుగున పునాదులు తవ్వడానికి కైసన్ అనే పెద్ద పెట్టెలు దించి, నీళ్లు లోపలికి రాకుండా వాటిలో గాలి ఒత్తిడి పెంచేవారు. పని చేసినంతసేపూ కూలీలు బాగానే ఉండేవారు. పైకి వచ్చి, ఇంటికి నడుస్తూ ఉంటేనో, భోజనం చేశాకో కాళ్లు మెలితిరిగి కూలిపోయేవారు. న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన కట్టిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఇలాగే మంచాన పడ్డాడు. తర్వాత ఆయన భార్య ఎమిలీ ఆయనకూ పని జరిగే చోటుకూ మధ్య నిలబడి వంతెన పూర్తయ్యేదాకా నడిపించింది. సెయింట్ లూయిస్‌లో కూలీలను చూసుకునే డాక్టరు జామినే స్వయంగా కైసన్‌లోకి దిగి, కొద్ది నిమిషాల్లోనే పైకి వచ్చి, తనే పక్షవాతం లాంటి స్థితిలో పడ్డాడు. కారణం నత్రజని బుడగలని 1878లో ఫ్రాన్సులో పాల్ బెర్ట్ తేల్చాడు. ఎంత లోతు నుంచి ఎంత సేపట్లో పైకి రావాలో లెక్కకట్టిన పట్టికలను 1908లో బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ ప్రచురించాడు. ఇప్పుడు మీ చేతికి పెట్టుకునే డైవ్ కంప్యూటర్ చేసేదీ అలాంటి లెక్కే.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఆ కూలీలు కూడా పైకి వచ్చినప్పుడు బాగానే ఉన్నారు. “పడవ ఎక్కినప్పుడు నాకేం కాలేదు, రాత్రికి మొదలైంది, కాబట్టి డైవ్‌కు సంబంధం లేదు” అని చాలామంది వాదిస్తారు. అమెరికా నౌకాదళం డైవింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం, లక్షణాలు గంటలోపు మొదలయ్యేది 42 శాతం మందికే. మూడు గంటల్లోపు 60 శాతం, ఎనిమిది గంటల్లోపు 83 శాతం, 24 గంటల్లోపు 98 శాతం. అంటే మధ్యాహ్నం డైవ్ చేసి, రాత్రి హోటల్లో భోంచేసి పడుకున్నాక మొదలవడం ఈ జబ్బుకు మామూలే.

ఇంకో వాదన కూడా వింటూ ఉంటాం. “నేను పరిమితి దాటలేదు సార్, కంప్యూటర్ ఒక్కసారి కూడా కూయలేదు, పైకి వచ్చేముందు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ కూడా చేశాను.” చాలా మంచిది, అలాగే చెయ్యాలి. కానీ కంప్యూటర్‌కు మీ లోతు తెలుసు, మీరు గడిపిన సమయం తెలుసు. మీరు ఆ రోజు నీళ్లు సరిగా తాగలేదని, ముందు రాత్రి పార్టీ చేసుకున్నారని దానికి తెలియదు. మీ గుండెలో పుట్టుకతో చిన్న రంధ్రం మూసుకోకుండా ఉండిపోయిందనీ తెలియదు. పీఎఫ్ఓ అనే ఆ రంధ్రం ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి ఉంటుంది, చాలామందికి జీవితాంతం తెలియను కూడా తెలియదు. నియమాలన్నీ పాటించినవాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది. అది వస్తే మీరు చెడ్డ డైవర్ అని కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. తోటివాళ్లు నవ్వుతారని, ఇన్‌స్ట్రక్టర్ ఏమనుకుంటాడోనని నోరు మూసుకుని గంటలు పోగొట్టుకోకండి.

లక్షణాల్లో కొన్నింటి దగ్గర కాసేపు ఆగుతాను. భుజం, మోచెయ్యి, మోకాలు నొప్పి అందరికీ తెలిసినదే. లోపల ఎక్కడో సలుపుతున్నట్టు ఉంటుంది, ఎక్కడ అని వేలు పెట్టి చూపించలేరు. నొక్కితే పెద్దగా నొప్పి ఉండదు. కండరం పట్టేస్తే కదిలించినప్పుడు ఎక్కువవుతుంది, దీనికి చాలాసార్లు అలా ఉండదు. చర్మం మీద పొట్ట దగ్గర, తొడల దగ్గర నీలం, ఎరుపు కలగలిసిన మచ్చలు రావచ్చు. దురద మాత్రమే అయితే తేలిక. ఆ మచ్చలు వస్తే మాత్రం లోపల నరాల్లో కూడా ఏదైనా జరుగుతోందేమో చూడాలి.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది వెన్నుపాము. అది మొదలయ్యే తీరు చాలా మెత్తగా ఉంటుంది. నడుము దగ్గరో, పొట్ట చుట్టూనో బెల్టు బిగించినట్టు నొప్పి వస్తుంది. కాసేపటికి అది తగ్గిపోతుంది కూడా. హమ్మయ్య అనుకుంటారు. ఆ తర్వాత పాదాలు మొద్దుబారతాయి, చెప్పు జారిపోయినా తెలియదు. ఆ తర్వాత మూత్రం రాదు. అప్పటికి కూడా “పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు కదా, అందుకే రావట్లేదు” అనుకునేవాళ్లు ఉన్నారు. డైవ్ తర్వాత కొన్ని గంటలుగా మూత్రం రాకపోతే, పొట్ట కింద బరువుగా ఉన్నా పోయలేకపోతుంటే, పొద్దున్నే చూద్దాంలే అని పడుకోవద్దు. ఎంత రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

దీనికి భిన్నమైన ప్రమాదం ఇంకొకటుంది. అది నిమిషాల్లో వస్తుంది. లోతులో నిండుగా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. 10 మీటర్ల నుంచి పైకి వస్తే అది రెట్టింపవుతుంది. పోవడానికి దారి లేక ఊపిరితిత్తి చిరిగితే ఆ గాలి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లవచ్చు. ఎయిర్ ఎంబాలిజం అంటారు. నీటి పైకి వచ్చిన పది నిమిషాల్లోపే స్పృహ తప్పడం, ఒక పక్క చచ్చుబడటం, మాట తడబడటం, ఫిట్స్ కనిపిస్తాయి. దీనికి ఎక్కువ లోతు అక్కర్లేదు. స్విమ్మింగ్ పూల్‌లో కూడా జరగవచ్చు. ఈత రాకపోయినా పర్వాలేదని, ఒక్కసారి చూసొద్దామని అండమాన్‌లో మొదటి డైవ్‌కు దిగే మన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లు దిగేది 12 మీటర్ల లోపే. అయినా భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఈ ప్రమాదం ఉంటుంది. కొందరు కాసేపటికి తేరుకుని బాగానే మాట్లాడతారు. తేరుకున్నారని వదిలెయ్యకూడదు, మళ్లీ దిగజారే అవకాశం ఉంది.

అయితే డైవ్ తర్వాత వచ్చే ప్రతి బాధా బుడగల వల్ల కాదు. అందరికంటే ఎక్కువగా ఇబ్బంది పడేది చెవి. దిగేటప్పుడు చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోకపోతే కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతుంది. నొప్పి, దిబ్బడ, ఒక్కోసారి కాస్త రక్తం. ఇక్కడ అమ్మలకు, అమ్మమ్మలకు ఒక మనవి. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పొయ్యకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె లోపలికి పోతుంది. డాక్టరు చూసేదాకా ఏ చుక్కలూ వద్దు. దిబ్బడతో పాటు గది గిర్రున తిరగడం, వాంతులు, ఒక చెవి సరిగా వినిపించకపోవడం ఉంటే అది లోపలి చెవి సమస్య. అదే రోజు చెవి డాక్టరుకు చూపించాలి. అది ఒత్తిడి వల్ల తగిలిన దెబ్బా, బుడగల వల్ల వచ్చిందా అన్నది వైద్యాన్నే మార్చేస్తుంది. అక్కడ కూడా ఎంత లోతుకు వెళ్లారు, చెవి నొప్పి దిగేటప్పుడు మొదలైందా, పైకి వచ్చాకా అన్నది చెప్పాలి.

మాస్క్ ఒత్తిడికి కళ్లు ఎర్రగా రక్తం కమ్మడం చూడటానికి భయంగా ఉంటుంది గానీ, చూపు బాగుంటే, నొప్పి లేకపోతే అది దానంతట అదే పోతుంది. బీపీ ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. నీళ్లలో ఉండగానే ఆయాసం, దగ్గు మొదలై, గులాబీ రంగు నురగ పడితే అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఉప్పునీళ్లు మింగాను అని సరిపెట్టుకోకూడదు. వెంటనే బయటికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి చేర్చాలి.

సరే, బుడగల అనుమానం వచ్చింది. ఏం చెయ్యాలి? మనిషిని వెల్లకిలా పడుకోబెట్టండి. వాంతులవుతుంటే, స్పృహ లేకపోతే పక్కకు తిప్పండి. వంద శాతం ఆక్సిజన్ పెట్టండి, సంచి ఉండే నాన్ రీబ్రీదర్ మాస్క్‌తో నిమిషానికి 15 లీటర్లు. కోవిడ్ తర్వాత మన ప్రతి ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంది. వేలికి పెట్టి చూస్తారు, 99 చూపిస్తుంది, “ఆక్సిజన్ బాగానే ఉందిగా, ఇంకెందుకు?” అంటారు. కొన్నిచోట్ల ఆసుపత్రిలో కూడా అదే మాట వినవచ్చు. ఇక్కడ ఆక్సిజన్ పెట్టేది రక్తంలో తక్కువైందని కాదు. పీల్చే గాలిలో నత్రజని లేకుండా చేస్తే, ఒంట్లో ఉన్న నత్రజని త్వరగా బయటికి పోతుంది, బుడగలు చిన్నవవుతాయి. అందుకే రీడింగ్ ఎంత బాగున్నా పెట్టాలి. పెట్టాక నొప్పి మాయమైనా ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే మాస్క్ తీశాక తిరగబెట్టవచ్చు.

స్పృహ బాగుండి, వాంతులు లేకపోతే మంచినీళ్లు తాగించండి. మద్యం తాగొద్దు. వేడినీళ్ల స్నానం, మసాజ్ వద్దు. నొప్పి మాత్ర మీ అంతట మీరు వేసుకోకండి, నొప్పి తగ్గితే జబ్బు తగ్గిందనుకుని ఆగిపోతారు. మళ్లీ నీళ్లలోకి దింపితే సర్దుకుంటుందని ఎవరైనా పాత డైవర్ సలహా ఇస్తే ఒప్పుకోకండి.

ఇక ఎవరికి ఫోన్ చెయ్యాలి? మనిషి పరిస్థితి బాగోలేకపోతే ముందు అంబులెన్స్, మన రాష్ట్రాల్లో 108. దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి ముందు చేర్చండి. ఈ జబ్బుకు ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గదిని చాంబర్ అంటారు, అది ఎక్కడుందో వెతుక్కుంటూ రోడ్డున పడొద్దు. ఆ తర్వాత డైవింగ్ వైద్యం తెలిసినవాళ్లతో మాట్లాడాలి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ 1980లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాని ఎమర్జెన్సీ లైన్ +1 919 684 9111, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మీరు మాట్లాడవచ్చు, మీకు వైద్యం చేస్తున్న డాక్టరు కూడా మాట్లాడవచ్చు. మన దేశంలో ఈ వైద్యంలో అనుభవం ఎక్కువగా ఉన్నది నౌకాదళానికి. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలిచే పోర్ట్ బ్లెయిర్‌లో ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరి, ముంబైలో ఐఎన్‌హెచ్‌ఎస్ అశ్విని అలాంటి ఆసుపత్రులు. మీరు డైవ్‌కు వెళ్లే చోట దగ్గరి చాంబర్ ఏది, పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, అది నిండుగా ఉందా అని డబ్బు కట్టే ముందే అడగండి. మొహమాటపడొద్దు. మంచి సెంటర్ వాళ్లు తీసి చూపిస్తారు.

డాక్టరుకు చెప్పాల్సినవి ఒక కాగితం మీద రాసిస్తే చాలా మేలు. లేదా డైవ్ కంప్యూటర్‌ను అలాగే చేతికి ఉంచుకుని వెళ్లండి, లాగ్ అంతా అందులోనే ఉంటుంది. ఏ రోజు ఎన్ని డైవ్‌లు, ఒక్కోటి ఎంత లోతు, ఎంతసేపు, చివరిసారి నీటి పైకి వచ్చింది ఎన్ని గంటలకు, గబగబా పైకి వచ్చిన సందర్భం ఉందా, మొదటి లక్షణం ఏమిటి, ఎప్పుడు, ఆ తర్వాత పెరిగిందా తగ్గిందా. మధ్యలో విమానం ఎక్కారా అన్నది తప్పకుండా రాయండి.

విమానం అన్నాను కాబట్టి ప్రయాణాల గురించి. విమానం క్యాబిన్‌లో పీడనం నేల మీద ఉన్నంత ఉండదు, సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉన్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఒంట్లో మిగిలిన నత్రజని అక్కడ బుడగ కట్టవచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినా, వరసగా రోజుల తరబడి చేసినా కనీసం 18 గంటలు ఆగమంటారు. నేనైతే 24 గంటలు ఆగమంటాను. అండమాన్ ట్రిప్‌లో ఆఖరి రోజు ఊరు చూడటానికి ఉంచుకుంటే సరిపోతుంది. ఒంట్లో తేడాగా ఉంటే మాత్రం 24 గంటలు దాటినా సరే, డాక్టరును అడగకుండా విమానం ఎక్కొద్దు. “హైదరాబాద్ వెళ్లి మన డాక్టరుకే చూపించుకుందాం” అన్న ఆలోచన ఇక్కడ ప్రమాదకరం.

విమానం విషయం చాలామందికి తెలుసు, కొండల సంగతి గుర్తుండదు. పొద్దున రుషికొండలో డైవ్ చేసి మధ్యాహ్నం కారులో అరకు బయల్దేరతారు. అరకు లోయ 900 మీటర్ల ఎత్తున ఉంది, ఘాట్ రోడ్డు దారిలో అంతకంటే పైకి కూడా ఎక్కుతాం. బెంగళూరులో పనిచేసే మన పిల్లలు వారాంతానికి కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్ వెళ్లి, నేత్రాణి దీవి దగ్గర డైవ్ చేసి, అదే రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో దిగి ఆఫీసుకు వెళ్లిపోతారు. ఆ బస్సులో నిద్రలో ఉన్నప్పుడు మొదలైన తిమ్మిరిని సీటు మీదికి నెట్టేస్తారు. ముందు అరకు చూసి తర్వాత సముద్రానికి రండి. మురుడేశ్వర్‌లో ఇంకో రాత్రి ఉండండి.

ఇక్కడున్న డాక్టర్ మిత్రులకు కొంచెం చెప్పాలి. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. ఎంఆర్ఐ నార్మల్‌గా ఉన్నా జబ్బు లేదని అర్థం కాదు, స్కాన్ కోసం ఆక్సిజన్ ఆపొద్దు, చాంబర్‌కు పంపడం ఆలస్యం చెయ్యొద్దు. పూర్తి న్యూరలాజికల్ పరీక్ష చెయ్యండి. మంచం మీద మాత్రమే చూసి వదలకండి, లేపి, మడమకు బొటనవేలు ఆనించి సరళరేఖలో నడిపించండి. రోగి బాగానే ఉన్నానన్నా అక్కడ తూలడం బయటపడుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, లేదని చూసుకోండి, ఉంటే చాంబర్‌లోకి పంపేముందు ట్యూబ్ వెయ్యాలి. నైట్రస్ ఆక్సైడ్ ఇవ్వొద్దు, అది బుడగలను పెద్దవి చేస్తుంది. వేరే ఊరికి పంపేటప్పుడు గాల్లో అయితే వీలైనంత తక్కువ ఎత్తులో, రోడ్డు మీద అయితే ఘాట్ లేని దారిలో పంపండి.

చాంబర్ అంటే భయపడేవాళ్లకు కూడా చెబుతాను. ఎక్కువగా వాడే అమెరికా నౌకాదళం టేబుల్ 6 పద్ధతిలో మిమ్మల్ని 18 మీటర్ల లోతులో ఉన్నంత పీడనంలోకి తీసుకెళ్తారు. మాస్క్‌తో ఆక్సిజన్ పీలుస్తూ, మధ్యమధ్యలో మామూలు గాలి పీలుస్తూ, నాలుగు గంటల 45 నిమిషాల్లో మెల్లగా బయటికి తెస్తారు. చెవులు డైవ్‌లో సరిచేసుకున్నట్టే సరిచేసుకోవాలి. అవసరమైతే మర్నాడు మళ్లీ చేస్తారు. నగరాల్లో అందానికీ ఆరోగ్యానికీ అని గుడ్డతో చేసిన ఆక్సిజన్ చాంబర్లు వస్తున్నాయి. వాటిలో అంత పీడనం రాదు. ఈ జబ్బుకు అవి పనికిరావు, అక్కడ పడుకుని ఉన్న సమయం కూడా పోగొట్టుకోవద్దు.

ఎంత త్వరగా వెళితే అంత మంచిది. కానీ మూడు రోజులైపోయింది, ఇప్పుడు వెళ్లి ఏం లాభం అని మానెయ్యకండి. ఆలస్యంగా వెళ్లినవాళ్లకు కూడా చాంబర్‌తో మేలు జరుగుతుంది. తగ్గాక మళ్లీ ఎప్పుడు దిగాలన్నది డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరే చెప్పాలి. నరాలకు సంబంధించిన లక్షణాలు వచ్చినవాళ్లు పీఎఫ్ఓ ఉందేమో పరీక్ష చేయించుకోవాలా అని అడగండి. డైవ్‌కు ముందు ఇచ్చే ఆరోగ్య ఫారంలో ఆస్తమా, పాత టీబీ, ఫిట్స్, గుండె జబ్బు ఉంటే దాచకుండా రాయండి. అక్కడ ‘లేదు’ అని టిక్ పెట్టేస్తే ట్రిప్ పాడవదని మీకనిపించవచ్చు. తర్వాత మిమ్మల్ని చూసే డాక్టరు ఆ కాగితాన్నే నమ్ముతాడు.

ఫారం నకళ్లు ఆ బల్ల మీద ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్లి, వెళ్లబోయే పిల్లలు అమ్మానాన్నల దగ్గర కూర్చుని నింపండి. చిన్నప్పుడు ఏ జబ్బు చేసిందో వాళ్లకే బాగా గుర్తుంటుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.